కిటికీ అవతలి కప్ప

"దాన్ని కూడా ఈ పెట్టెలోనే పెడదామండీ. దొరకి తోడుంటుంది," అంది భార్య.

కిటికీ అద్దానికి అవతలివైపు ఒక ఆకుపచ్చ చెట్టుకప్ప అతుక్కుని ఉంది. ఇవతల గాజుపెట్టెలో భర్త ముద్దుగా పెంచుకుంటున్న చెట్టుకప్ప, పేరు దొర, ఆకు చాటున నక్కి ఉంది.

భర్త మనస్తత్వ నిపుణుడు. ముందుగదిలో కూర్చుని ఆలుమగల తగాదాలు తీరుస్తాడు. ఎవరి మనసులో ఏముందో వాళ్ళకంటే ముందే చెప్పేస్తాడని పేరు. ఆ చూపుతోనే కిటికీ వైపు చూశాడు.

"బయటి సరుకుని తెచ్చి కలపకూడదు. రోగాలుంటాయి. పైగా దొర నా చేతి తిండి తిని పెరిగింది. ఈ వీధిరౌడీ పక్కనుంటే బెదిరిపోతుంది."

"అచ్చం మన దొరలాగే ఉంది కదండీ."

"రంగు కాదు, నడవడిక చూడాలి."

దొర నడవడిక ఈమధ్య మారింది. అతను పొరుగూరి సదస్సులో మాట్లాడి వచ్చినప్పటినుంచీ ముభావంగా ఉంటోంది. ఇదివరకు పెట్టె అంచు మీద మేత పెట్టే పటకారుతో తడితే చాలు, గెంతుకుంటూ వచ్చి అరచేతిలో కూర్చునేది. ఇప్పుడు పురుగుని నోటిదాకా తీసుకెళ్ళినా వెనక్కి జరుగుతోంది. తను వదిలి వెళ్ళినందుకు అలిగిందని మొదట తేల్చాడు. తర్వాత సవరించుకుని, అంతర్ముఖత్వం అన్నాడు. సదస్సులో అతను మాట్లాడింది దాని గురించే.

కిటికీ కప్పకి అంత లోతేం లేదు. సాయంత్రం అతను పటకారు తట్టడం ఆలస్యం, ఎక్కడినుంచో ఊడిపడి అద్దాన్ని కరుచుకునేది. భార్య కిటికీ రెక్క తీయబోతే అతను వారించేవాడు.

"మీతో ఒక సంగతి చెప్పాలి," అందామె మెల్లగా.

అతను చెయ్యెత్తి ఆపాడు. "చెప్పక్కర్లేదు. ఒంటరిగా ఉన్నది దొర కాదు, నువ్వు. నీ దిగులుని కప్పకి అంటగడుతున్నావు."

పెళ్ళయినప్పటినుంచీ ఆమె మొదలుపెట్టిన మాటల్ని అతనే పూర్తిచేస్తున్నాడు. చెప్పబోయింది మానేసి, ఒక్కసారి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని పట్టుబట్టింది. పరీక్ష అన్న మాట వినగానే అతను మెత్తబడ్డాడు.

కిటికీ తెరిచారు. బయటి కప్ప బల్ల మీదికి దూకి, చొక్కా చెయ్యి పట్టుకుని పాకి, అతని అరచేతిలో కుదురుగా కూర్చుంది. పెట్టెలోంచి తీసిన దొర పుస్తకాల వెనక్కి వెళ్ళి వీపు చూపించింది.

"చూశావా?" అన్నాడతను చెయ్యి విదిలిస్తూ. "ఇది ముక్కూమొహం తెలియనివాళ్ళ ఒళ్ళోకి ఎక్కే రకం. కాకాపట్టి చోటు సంపాదిద్దామని. దొర చూడు, ఆత్మాభిమానం అంటే అదీ."

తీర్పయిపోయింది. బయటి కప్పని ఊరవతల చెరువులో వదిలిపెట్టాలి, ఇప్పుడే.

"పాపం, అక్కడ బతుకుతుందా?" అని అడిగిందామె.

"దానికేం, పుట్టి పెరిగింది అలాంటిచోటే. అదే దొరని వదిలితేనా, ఒక్క పూట బతకదు."

రోగాల భయంతో అతను స్నానాలగదిలోకి వెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసుకున్నాడు. బయటి కప్పని చిల్లుల డబ్బాలోనూ దొరని పెట్టెలోనూ పెట్టమని లోపలినుంచే కేకేశాడు. ఆమె పెట్టింది. డబ్బా మూత బిగించి, కారు సీటు మీద పెట్టి వచ్చింది.

చెరువు గట్టున మూత తీయగానే కప్ప వెనక్కి చూడకుండా నీళ్ళలోకి దూకేసింది. ఇందాకటి ప్రేమంతా నటనేనని అతనికి రుజువైపోయింది.

ఇంటికొచ్చి పటకారు తట్టాడు. దొర గెంతుకుంటూ వచ్చి అరచేతిలో కూర్చుంది. అతని కళ్ళు చెమర్చాయి.

"దుష్టసావాసం తప్పిపోగానే ఎలా తేరుకుందో చూడు. ఇదీ నా అసలు దొర. నువ్వేమో కలిపేద్దామన్నావు."

"నిజమేనండీ," అంది, అతను సదస్సుకెళ్ళిన రోజు పెట్టె కడుగుతుంటే చేజారి కిటికీ దూకేసిన దొరని ఇవాళ పెట్టెలోకీ, ఆనాటి కంగారులో గోడ మీంచి పట్టి దాని చోట పెట్టిన కప్పని డబ్బాలోకీ సర్దిన భార్య.