నిలవని గాజు

"ఇది పనికిరాదు సార్," అంటూ ఆమె గాజు బిళ్ళను కొత్త డైరెక్టరు బల్లమీద పెట్టింది.

అణు వ్యర్థాన్ని కలిపి కరిగించి, భూమి లోపల పాతిపెట్టాలనుకున్న గాజు అది. ఆ వ్యర్థం వేల ఏళ్ళపాటు లోపలినుంచి కొట్టబోయే రేడియేషన్ దెబ్బలన్నీ ఆమె ల్యాబులో యంత్రంతో ముందే కొట్టించి చూసింది. బిళ్ళ ఉబ్బింది. అంచు పొడవునా వెంట్రుకవాసి పగులు.

డైరెక్టరు బిళ్ళను వెలుతురుకి పెట్టి చూశాడు. "ఈ మాత్రం గీతకేనా? ఎల్లుండి ప్లాంటు ప్రారంభోత్సవం పెట్టుకుని ఇప్పుడా చెప్పడం! అయినా ఇది పగిలేనాటికి మీరుంటారా, నేనుంటానా?"

"అప్పుడుండేవాళ్ళు ఇప్పుడొచ్చి మీతో పోట్లాడలేరుగా సార్. అందుకే నేనొచ్చాను."

"మీ సొమ్మేం పోయింది! ఏళ్ళ తరబడి చెమటోడ్చి చేసినవాళ్ళకి తెలుస్తుంది బాధ. కాకిపిల్ల కాకికి ముద్దమ్మా. ఒకరి కష్టాన్ని ఒక్క మాటతో బుగ్గిపాలు చేస్తారా?"

"చేస్తాను. ఈ గాజు పనికొస్తుందని సంతకం మాత్రం చెయ్యను."

ఆయనకి ఒళ్ళు మండింది. ఈ కుర్చీలోకి వచ్చాక ఇంతవరకూ ఎవరూ ఆయన్ని ఎదిరించలేదు. విసురుగా ఫోనందుకున్నాడు.

"అయితే ఈ గాజు చేసినవాళ్ళనే పిలిపిస్తా. వాళ్ళ మొహం చూసి చెప్పండి ఆ మాట!"

"పొద్దున్నే అద్దంలో చూసి చెప్పే వచ్చాను సార్," అంది ఆమె, బిళ్ళ వెనక్కి తీసుకుంటూ. "ఆ కాకిని నేనే. ఫోన్ ఎలాగూ పట్టుకున్నారు కదా, కొలిమి మళ్ళీ వెలిగించమని చెప్పండి."