పదకొండో చుక్క

"పదకొండో అంకె," అన్నాడు డాక్టరు, స్కేలు పెట్టి కొలిచి. "అంటే కుక్క. కుక్కకి ఇంత పెద్ద దద్దురు ఈ మధ్యకాలంలో చూడలేదమ్మా."

వదిన తన చేతివైపు చూసుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా పెన్నుతో వేసిన అంకెలు. అంకె అంకెకీ పక్కన ఓ మందు చుక్క, దాని మీద ఓ సూదిపోటు. పదకొండు దగ్గర చర్మం చొక్కా గుండీ అంత లేచింది. దుమ్ము అంకె దగ్గర ఆవగింజంత పొంగు. పిల్లి, బొద్దింక, రబ్బరు, పుప్పొడి నోరు మెదపలేదు.

ఆ అంకెలు వేసింది, సూదితో పొడిచింది ఆమె ఆడపడుచే. పందొమ్మిదేళ్లుగా ఆ ఎలర్జీ క్లినిక్‌లో ఆమె పని అదే. రోగులకు ఆమె సూదమ్మ. ఇంట్లో మాత్రం నలభై నాలుగేళ్లొచ్చినా చిన్నీయే.

పని చూడ్డానికి తేలిక. ఒకటో అంకె దగ్గర ఉప్పునీళ్ల చుక్క. అది ఎవరికీ పొంగదు. రెండో అంకె దగ్గర ఇంకో మందు చుక్క. అది ఎలర్జీ ఉన్నా లేకపోయినా, ఎవరికైనా పొంగి తీరుతుంది. ఈ రెండూ సరిగ్గా పనిచేస్తేనే పరీక్ష సరిగ్గా జరిగినట్టు. ఆ తర్వాత ఎవరి ఒంటికి ఏది పడదో అది పొంగుతుంది.

వదినకు కుక్క పడలేదు.

ఆ కుక్క పేరు దొర. అదీ ఈ క్లినిక్ సరుకే. ఏడేళ్ల క్రితం, ఇలాగే పదకొండు పొంగిన ఓ పెద్దమనిషి రిపోర్టు జేబులో పెట్టుకుని, కుక్కపిల్లని మెట్ల మీదే వదిలేసి కారెక్కాడు. చిన్నీ దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. వచ్చిన రోజే సోఫా ఎక్కి కూర్చుంది, ఇక దిగలేదు. అందుకే దొర.

పరీక్ష చెయ్యమన్నది అన్నయ్య. లెక్కల మాస్టారు కదా, పెళ్లాం తుమ్ములు కూడా లెక్కపెట్టాడు. "పొద్దున్నే పదిహేడు! నిద్ర పట్టి చావదు. ఇంట్లో సూదమ్మని పెట్టుకుని ఇదేం ఖర్మ?"

రిపోర్టు చూశాక ఆయనకు ఆలోచించే పనే లేకపోయింది.

"ఆదివారానికల్లా ఇంట్లో కుక్క కనబడకూడదు."

"తుమ్ములే కదండీ," అంది వదిన. "నేను ఓర్చుకుంటాను. దొరని పంపకండి."

"నువ్వు ఓర్చుకుంటావు. నా నిద్ర మాటేంటి?"

చిన్నీ కంచాలు తీస్తూ తీస్తూ ఆగింది. "దొర వెళ్తే నేనూ వెళ్తాను అన్నయ్యా."

"కుక్క కోసం తోడబుట్టినవాణ్ణి కాదంటావా?"

"నేనేం కాదనట్లేదు. రిపోర్టు రాసింది డాక్టరుగారు."

పన్నెండేళ్ల క్రితం వేరే గది తీసుకుంటానని ఆమె అంటే, ఈ అన్నయ్యే ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "నేను బతికుండగా నా చెల్లెలు అద్దె గదిలోనా? నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?" రెండు రోజులు తిండి మానేశాడు. చెల్లెలు దిగొచ్చింది. ఆనాటి నుంచి ఐదింటికి లేచి, ఇంట్లో అందరికీ క్యారేజీలు కట్టి, అన్నయ్య చొక్కాలు ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే క్లినిక్‌కి పరిగెత్తేది. అంత ప్రేమా ఇప్పుడు ఒక్క కాగితానికి చల్లారిపోయింది.

ఆదివారం ఆమె రెండు పెట్టెలు, ఓ కుక్క గిన్నె పట్టుకుని గుమ్మం దాటింది. వదిన దొర మెడ కావలించుకుని ఏడుస్తూ తుమ్మింది, తుమ్ముతూ ఏడ్చింది. అన్నయ్య పేపర్లోంచి తల ఎత్తలేదు.

"ఎప్పుడైనా రావచ్చు," అన్నాడు. "కుక్క లేకుండా."

చుట్టాలకు పండగే అయింది. కుక్క వంక పెట్టి ఆడపడుచుని గెంటేసిందని వదిన మీద విరుచుకుపడ్డారు. అన్నయ్యని ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఇలాంటప్పుడు ఎవర్ని అనాలో మనవాళ్లకి బాగా తెలుసు.

రెండు నెలల తర్వాత, ఓ ఆదివారం పొద్దున వదిన ఫోన్ చేసింది.

"చిన్నీ, తుమ్ములు తగ్గలేదే."

"కుక్క తాలూకు పొట్టు పోవడానికి నెలలు పడుతుంది వదినా. కర్టెన్లు ఉతికించు. పరుపులు ఎండలో వేయించు."

"ఉతికేదెవరు, వేసేదెవరు? ఐదింటికి లేస్తే నడుం వాల్చేసరికి పదవుతోంది. మీ అన్నయ్యకి ఇస్త్రీ మడత కాస్త వంకరైతే చాలు..." మాట మింగేసింది. "దొర ఎలా ఉన్నాడు? నన్ను మర్చిపోయాడా?"

"నీ గొంతు వినగానే చెవులు నిక్కించాడు."

అవతల వదిన ముక్కు చీదింది. ఏడుపో, ఎలర్జీయో. "నా మూలంగా ఇల్లు లేనిదానివైపోయావు. నన్ను క్షమించవే చిన్నీ."

ఆ ఇంట్లో చిన్నీతో మనిషిలా మాట్లాడింది వదిన ఒక్కతే. ఆ గొంతు వింటుంటే ఆమెకు సిగ్గేసింది.

"నీ తప్పు ఏమీ లేదు వదినా," అంది. "ఒట్టు."

ఫోన్ పెట్టేసింది. ఎనిమిది దాటింది. ఆమె ఇంకా పక్క దిగలేదు. కాళ్ల దగ్గర దొర గుర్రుపెడుతున్నాడు. మేడమీద ఒంటి గది, ఒకే కుర్చీ, ఒకే కంచం.

ఆ రోజు వదిన చేతి మీద పదకొండో అంకె దగ్గర ఆమె వేసింది కుక్క సీసాలోది కాదు, ఎవరికైనా పొంగి తీరే ఆ రెండో సీసాలోని చుక్క.