తగ్గని బరువు

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మంచం పక్కన వ్యాయామ యంత్రం ఉంటోంది. మనిషి కష్టంగా ఊపిరి బిగబట్టగానే దాని స్ప్రింగులు వాటంతటవే వదులై, బరువు తగ్గిస్తాయి.

వకుళ ముప్పై ఏళ్లు పాతరకం యంత్రం మీద పిలాటిస్ వ్యాయామం నేర్పింది. దానికి స్ప్రింగులు చేత్తో తగిలించాలి. తగిలించాక ఎవరు బతిమాలినా, పది లెక్కపెట్టేదాకా ఆమె విప్పేది కాదు. కూతురు దాని మీద ఏడ్చేసరికి మాత్రం మనసు ఒప్పలేదు. పాతదాన్ని తుక్కుకి వేసి, కొత్తది కొనిపెట్టింది.

ఈ ఉదయం వకుళ బాత్రూములో జారిపడి లేవలేకపోయింది. కూతురు మృణాళిని పరుగున వచ్చి, తల్లి చంకల కింద చేతులు వేసి పైకెత్తింది. సగంలో ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఉండమ్మా, ఇప్పుడు తగ్గుతుంది."

"ఏం తగ్గుతుంది?"

"బరువు."

వకుళ కళ్లు మూసుకుంది. తుక్కు బండి మీద వెళ్లిపోయిన పాత యంత్రం కళ్లలో మెదిలింది.

"నేను తగ్గను తల్లీ. పది లెక్కపెట్టు" అంది మెల్లగా.

మృణాళిని నాలుగు దాకా లెక్కపెట్టింది. తర్వాత తల్లిని మళ్లీ ఆ తడినేల మీదే దించింది. నడుము నిటారుగా, భుజాలు వదులుగా, గురువు తప్పుపట్టడానికేమీ లేనంత చక్కగా దించింది.