నైలాను చొక్కా

“ఆగు. నిచ్చెన మీద కాలు పెట్టకు,” అన్నాడు సూపర్‌వైజర్.

ఖాళీ పెట్రోలు ట్యాంకు కడగడానికి దిగబోతున్న అతని అల్లుడు ఆగిపోయాడు. “ఎర్తు వైరు తగిలించాను కదా, మామయ్యా.”

“సార్ అను. పని దగ్గర చుట్టరికాలు లేవని మొదటిరోజే చెప్పాను. ఆ చొక్కా ఏంటి?”

“నైలాను, సార్.”

“నైలాను ఒంటికి రాసుకుంటే నిప్పురవ్వ పుడుతుంది. లోపలున్న ఆవిరికి ఆ ఒక్కటి చాలు, నువ్వూ నేనూ ట్యాంకూ కలిసే పైకి పోతాం. ఏ బుద్ధిలేనివాడు కొనిపెట్టాడు నీకిది?”

అల్లుడు నేలచూపులు చూశాడు.

“నిన్నే. ఎవడు వాడు?”

“చెప్పకూడదు, సార్. పని దగ్గర చుట్టరికాలు లేవన్నారుగా.”

సూపర్‌వైజర్ చొక్కా గళ్ల వంక చూశాడు. కొట్లో వాటి మెరుపుకి ముచ్చటపడింది తనే. తన నూలు చొక్కా విప్పి అల్లుడి చేతిలో పెట్టి, బనీనుతో నిలబడ్డాడు.

“గేటు బయటికెళ్లి మార్చుకో. ఇక్కడ విప్పినా ప్రమాదమే. ఇంటికెళ్లాక ఈ సంగతి మీ అత్తయ్యతో మాత్రం అనకు.”

అల్లుడు గేటు వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“ఏ అత్తయ్య, సార్?”