పాలపీకల చెట్టు

‘వచ్చింది మహారాణి’ అనుకుంది మెరెటె.

ఎర్ర బూట్లు. విరబోసుకున్న జుట్టు. చేతిలో బేకరీ సంచి. సిస్సెల్ పార్కు గేటు తోసుకుని వస్తుంటే, ఇసుకలో ఆడుకుంటున్న లీవా బుల్లి పార అవతల పడేసి పరుగెత్తింది. మెరెటె దగ్గరికి అలా ఎన్నడూ పరుగెత్తదు. ఎందుకు పరుగెత్తుతుంది? మెరెటె ఎప్పుడూ పక్కనే ఉంటుంది కదా.

పదిహేను రోజులకోసారి, శనివారం, రెండు నుంచి నాలుగు దాకా. మునిసిపాలిటీ పిల్లల విభాగం చేసిన ఏర్పాటు అది. ఆ రెండు గంటలూ మెరెటె బెంచీ మీద కూర్చోవాలి. కలగజేసుకోకూడదు. ఇవాళ్టితో కలిపి ఇంకో రెండు శనివారాలు పేచీ లేకుండా గడిస్తే చాలు, లీవా మకాం సిస్సెల్ ఇంటికి మారిపోతుంది.

సిస్సెల్‌కు ఇరవై నాలుగేళ్లు. లీవాకు చెవిపోటు వస్తే ఏ రాత్రయినా మేలుకుందా? మంచులో దాని తోపుడుబండి ఈడ్చిందా? దాని సాక్సులకు చిల్లులు కుట్టిందా? నాలుగేళ్ల చాకిరీ మెరెటెది. ముద్దులు మాత్రం ఈవిడకు.

పోయినసారి ‘అమ్మా’ అని పిలిపించుకోవాలని కూడా చూసింది.

“ఏదీ, ఒక్కసారి అను,” అని బతిమాలింది.

లీవా కిలకిల నవ్వింది. “నీ పేరు సిస్సెల్ కదా!”

ఆ మాట తలుచుకుని మెరెటె వారం రోజులు హాయిగా నిద్రపోయింది.

సిస్సెల్ బెంచీ దగ్గరికి వచ్చి దాల్చినచెక్క బన్ను తుంచి ఇచ్చింది.

“సగం మీకు, మెరెటె గారూ. ఇంకా వేడిగా ఉంది.”

“నాకు తీపి పడదు.”

“పోయినసారి తిన్నారుగా?”

“పోయినసారి ఆకలేసింది.”

సిస్సెల్ వెళ్లి లీవాను రాట్నం ఎక్కించి చేత్తో తిప్పింది. “ఇంకా గట్టిగా! ఇంకా!” అని లీవా అరిచింది. మెరెటె తిప్పితే అలా అరవదు. పడిపోతుందేమోనని మెరెటె మెల్లగా తిప్పుతుంది.

రాట్నం వెనక ఒక చెట్టుంది. దాని కొమ్మల నిండా రంగురంగుల పాలపీకలు వేలాడుతుంటాయి. పీక మానేసే వయసొచ్చిన పిల్లలు దాన్ని తెచ్చి అక్కడ కడతారు. కట్టాక విప్పడమంటూ ఉండదు. పిల్లకు మనసై, తనంతట తను కట్టాలి. లాక్కుని కట్టించే తల్లిని ఈ ఊళ్లో ఎవరూ మెచ్చరు.

ఏడాదిగా మెరెటె లీవాను బుజ్జగిస్తూనే ఉంది. పసుపుపచ్చ రిబ్బను ఒకటి కొని సంచిలో వేసుకుని తిరుగుతోంది. చెట్టు దగ్గరికి తీసుకెళ్లిన ప్రతిసారీ లీవా పీకను పళ్ల మధ్య బిగించేది. “రేపు,” అనేది.

ఆ రేపు ఇవాళ వచ్చింది. రాట్నం దిగిన లీవా చెట్టు వైపు చూసి, నోట్లోంచి పీక తీసేసింది.

“సిస్సెల్, ఎత్తుకో! పైన కొమ్మకి కడతా. అన్నిటికన్నా పైన!”

సిస్సెల్ తన మణికట్టుకున్న రబ్బరుబ్యాండు తీసిచ్చి, లీవాను భుజాల మీదికి ఎక్కించుకుంది. మెరెటె నడుం అంత బరువు మోసి రెండేళ్లయింది.

“చూడు, చూడు! నేనే కట్టా! నేను పెద్దదాన్ని!” లీవా బెంచీ వైపు చేతులు ఊపింది.

మెరెటె చప్పట్లు కొట్టింది. రెండే రెండు. తర్వాత చెయ్యి సంచిలోకి పోయి రిబ్బనును నలిపేసింది.

సిస్సెల్ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. “మీరు అన్నాళ్లు చెప్పబట్టే, మెరెటె గారూ. ఇవాళ నేను ఊరికే ఎత్తుకున్నాను, అంతే.”

జాలి. అది మరీ మండింది.

నాలుగు కొట్టింది. “ఇక వెళ్లాలి, బంగారం,” అంది సిస్సెల్. అంతే, లీవా ఆమె కోటు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. వెళ్లనంది. కాళ్లు నేలకేసి కొట్టింది. మెరెటె లేచి, ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, పిల్లను తన ఒళ్లోకి లాక్కుంది. నడుం కలుక్కుమన్నా వదల్లేదు.

అప్పుడే గేటు దగ్గర సైకిలు గంట మోగింది. పిల్లల విభాగం ఆవిడ డోర్తె. రెండు గంటలూ ఎలా గడిచాయో కనుక్కుని నిర్ణయం రాయడానికి వచ్చింది.

“అయ్యో, ఏమైందమ్మా?”

మెరెటె ఒక్క క్షణం ఆలోచించింది. ఒక్క క్షణమే.

“అదిగో, పై కొమ్మకు చూడండి. నోట్లోంచి లాగి కట్టించేసింది. పిల్లకు ఇంకా మనసు రాలేదని నేను చెబుతూనే ఉన్నాను.”

సిస్సెల్ ముఖం పాలిపోయింది. “లేదు, డోర్తె గారూ! తనే అడిగింది. దేవుడి తోడు, తనే…”

“పాప ఏడుస్తోంది కదా, సిస్సెల్.”

“వెళ్లాల్సి వస్తోందని ఏడుస్తోంది!”

మెరెటె లీవా చెంపలు తుడిచింది. గొంతు మెత్తగా చేసుకుని, డోర్తెకు వినబడేలా అడిగింది. “నీ పాలపీక నీకు కావాలా, చిట్టీ?”

ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతున్న నాలుగేళ్ల పిల్ల. అవునని తలూపింది.

డోర్తె నిట్టూర్చింది. ఇదివరకు సిస్సెల్ చాలాసార్లు ‘దేవుడి తోడు’ అని ఉంది. నిలబెట్టుకోని ఆ మాటలన్నీ డోర్తె ఫైల్లో ఉన్నాయి. మెరెటె మీద మాత్రం ఆ ఫైల్లో ఒక్క మచ్చ లేదు.

డోర్తె సైకిలు సీటు మీద కాగితం పెట్టుకుని, ఆ ఏడుపు వింటూనే రాసింది: “కన్నతల్లి సిస్సెల్‌కు బిడ్డను తిరిగి అప్పగించడం ఆరు నెలలు వాయిదా, అంతవరకు లీవా, పుట్టిన మూడో వారం నుంచి పెంచుతున్న మెరెటె దగ్గరే ఉంటుంది.”