పని గదిలో పరుపు

నేను ఇంట్లోనే గడియారాలు బాగుచేసుకుని బతికేవాణ్ణి. పని గది అద్దె, కరెంటు ఖర్చు ఆదాయంలోంచి తీసేసి పన్ను తగ్గించమంటే, గది చూడాలంటూ పన్నుల ఆఫీసు నుంచి ఆడిటరు ఊడిపడ్డాడు.

"పని గదన్నారు. మరి ఈ పరుపేమిటి?" అన్నాడు.

"గడియారాలు జారిపడితే దెబ్బ తగలకుండా అండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇక్కడెవరైనా పడుకుంటే ఖర్చులో సగమే తీసేస్తాం. పడుకుంటూ కూడా లేదని రాయిస్తే జరిమానా పడుతుంది. చెప్పండి, పడుకుంటారా?"

నా వేళాకోళమొకటి శ్రుతి మించి, మా ఆవిడ పడగ్గదిలోంచి గెంటేసిన రోజు నుంచీ నా పడక ఆ పరుపు మీదే. ఆ మహాతల్లి గుమ్మంలోనే నిలబడి వింటోంది. ఉన్నదున్నట్టు కక్కేస్తుందేమోనని ఆ మూలకీ ఈ మూలకీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

"ఎవరూ పడుకోరండీ, రాసుకోండి," అంది మా ఆవిడ.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీకు అబద్ధమాడటం ఇంత బాగా వచ్చని ఇన్నాళ్ళూ తెలీదే," అన్నాను.

ఆవిడ వంగి పరుపు చుట్టడం మొదలుపెట్టింది.

"అబద్ధాలు మీ సొత్తు, నాకెందుకు? ఆ చివర పట్టుకోండి, పడగ్గదిలో వేద్దాం."