మనిషి వచ్చి అడగాలి

ఛైర్మన్ గారు కౌన్సిలు హాలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. ఆయాసం కాస్త తగ్గాక లోపలికొచ్చి, కుర్చీలో కూలబడి, గ్లాసుడు మంచినీళ్లు గటగటా తాగి, ఇంకో గ్లాసు అందుకున్నారు. ఎక్కడ రిబ్బను కడితే అక్కడ కత్తెరతో ప్రత్యక్షమయ్యే మనిషి కనుక ఆయన్ని జనం రిబ్బనయ్య అంటారు. చాటుగానే లెండి.

ఆయనకి ఎదురుగా ప్రతిపక్షం. అంటే ఒకే ఒక్క శాల్తీ. జనం పెట్టిన పేరు వాకౌటు. మీటింగు మొదలైన కాసేపటికి బల్ల గుద్ది బయటికి పోతాడు. పోయి ఎక్కడికీ పోడు. వరండాలో నిలబడి టీ తాగి, ఫొటో దిగి, మూతి తుడుచుకుంటూ వచ్చి మళ్లీ కూర్చుంటాడు.

ఇవాళ్టి విషయం మెట్రో. లైను పొడిగించి ఈ పేట దాకా తెస్తున్నారు. కొత్త స్టేషను ఎలా ఉండాలో కౌన్సిలు తేల్చి చెప్పాలి. రేపు ప్లాను పై ఆఫీసుకి పోతుంది. ఆ తర్వాత మార్చమని ఎంత మొత్తుకున్నా వినే నాథుడుండడు.

ముందు స్టేషను పేరు. రిబ్బనయ్య తన తండ్రి పేరు పెట్టాలన్నారు. వాకౌటు తన మావయ్య పేరు పెట్టాలన్నాడు.

"మీ నాన్నగారు జన్మలో రైలెక్కారా?" అన్నాడు వాకౌటు.

"మీ మావయ్య ఎక్కాడుగా. టిక్కెట్టు లేకుండా!"

బల్ల గుద్దడం, వాకౌటు, టీ, ఫొటో. అన్నీ సక్రమంగా జరిగాయి. స్టేషను ముందరి ఆర్చికి ఏ రంగు వెయ్యాలన్న దగ్గర మళ్లీ అదే తంతు. పేట జనం బస్సు మెట్ల మీద వేలాడి చస్తుంటే, ఈ మహానుభావులు రంగుల కోసం గొంతులు చించుకున్నారు. మనిషన్నవాడికి సిగ్గు ఎక్కడుంటుందో గానీ, వీళ్లకి ఆ చోటు ఖాళీ.

చివరికి లిఫ్టు సంగతి మిగిలింది.

ప్లానులో మెట్లే ఉన్నాయి. లిఫ్టు కూడా పెట్టమని అర్జీ ఇచ్చింది పేట మొత్తానికి ఒక్క టీచరమ్మ. ఇంట్లో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటుంది. ఎన్నాళ్లకో, లైను అటు చివరున్న స్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం ఖాయమైంది. మొదటి రైలు నడిచిన రోజే వచ్చి చేరతానని మాటిచ్చింది కూడా.

ఆవిణ్ణి కౌన్సిల్లో ఎవరూ చూసి ఎరగరు. గొంతు మాత్రం అందరికీ తెలుసు. రోజూ ఫోను చేస్తుంది. రిబ్బనయ్య రోజూ ఒకటే జవాబు చెబుతారు.

"ఫోన్లో కాదమ్మా. మనిషి వచ్చి అడగాలి. అది రూలు."

"అది కాదండీ, నేను..." అని ఆవిడ అనేలోపే పెట్టేస్తారు.

రూలు నిజమే. అర్జీ పెట్టినవాళ్లు కౌన్సిలు ముందు నిలబడి తమ నోటితో చెప్పుకోవాలి. బంట్రోతు గుమ్మంలోంచి మూడుసార్లు పిలుస్తాడు. అప్పటికీ రాకపోతే ఆ అర్జీ బుట్టలోకే.

"పిలవ్వయ్యా," అన్నారు రిబ్బనయ్య.

బంట్రోతు కదల్లేదు. "అయ్యా, ఒక్క మాట..."

"నిన్ను మాటడిగానా? పిలవమన్నాను."

పిలిచాడు. ఎవరూ రాలేదు. బయట ట్రాఫిక్కు మోతలో ఎవరిదో కేక కలిసి వినబడింది.

"ఏంటా గోల? ఆ కిటికీ మూసెయ్. ఇక్కడ మనుషులు పని చేసుకోవద్దూ?"

కిటికీ మూశాడు. రెండోసారి పిలిచాడు. ఈసారి బల్ల మీద రిబ్బనయ్య ఫోను మోగింది. ఆయన దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నారు.

"చూశారా! ఆవిడే. మహారాణి గారు రారు. ఫోన్లోనే దర్శనమిస్తారు." ఫోను కట్టేశారు.

"నోటికున్న ఓపిక కాళ్లక్కూడా ఉండాలి కదండీ," అన్నాడు వాకౌటు.

హాలంతా నవ్వింది. ప్లాను గీసిన ఇంజనీరు కూడా నవ్వాడు, జీతం తీసుకుంటున్నందుకు.

మూడోసారి కూడా పిలుపు అయింది. ఎవరూ రాలేదు.

"అంతే. అవసరం ఉన్నవాళ్లయితే పరిగెత్తుకుని రారూ? వేళాకోళంగా ఉంది జనానికి," అన్నారు రిబ్బనయ్య మోకాలు రుద్దుకుంటూ. "అయినా మెట్లెక్కితే ఒంటికి మంచిది."

"అదీ మాటంటే!" అన్నాడు వాకౌటు.

కౌన్సిలు పుట్టి బుద్ధెరిగాక వాళ్లిద్దరూ ఒక్క మాట మీదకి రావడం ఇదే మొదలు. ఆ ఊపులో పేరు తగాదా కూడా తేలిపోయింది. స్టేషనుకి రిబ్బనయ్య తండ్రి పేరు. వాకౌటు మావయ్యకి విగ్రహం. విగ్రహం ఎక్కడంటే, లిఫ్టు అక్కర్లేదని తేలింది కనుక ఆ జాగాలో. చప్పట్లతో ఏకగ్రీవం. ఇద్దరూ కౌగలించుకుని ఫొటో దిగారు.

"అయ్యా..." అన్నాడు బంట్రోతు మళ్లీ.

"టీ కప్పులు తియ్యవయ్యా ముందు!"

మీటింగు ముగిసింది. రిబ్బనయ్య ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి వాకౌటు భుజం మీద వేసి, "అమ్మా... అబ్బా..." అని మూలుగుతూ ఒక్కో అంతస్తూ దిగారు. వాకౌటు ఆయన్ని పసిబిడ్డని దించినట్టు దించాడు.

కింద, ఆఖరి మెట్టు దగ్గర, మీటింగు మొదలైన దగ్గర్నుంచీ పైకి కేకలేసి గొంతు బొంగురుపోయిన టీచరమ్మ, ఒళ్లో ఫోను పెట్టుకుని, తన చక్రాల కుర్చీలోంచి ఇంకా పైకే చూస్తోంది.